అనధికార సత్యప్రకటన

ఆ ఏడు ఉగాది నుంచి మా ఊరి బస్టాండు కాంప్లెక్సుకు బస్సులు ఆలస్యంగా రావడం మానేశాయి. వేళకు రావడం మొదలుపెట్టాయని కాదు. ప్రాంతీయ ప్రయాణ సేవా సంస్థ వారు ఆ సంవత్సరాన్ని శూన్య ఆలస్య సంవత్సరంగా ప్రకటించి, ఆలస్యం అన్న మాటను రిజిస్టర్లలోంచీ, నోటీసు బోర్డులోంచీ, సిబ్బంది నోళ్లలోంచీ తీసేశారు. పదిన్నర బస్సు పన్నెండుకు వస్తే అది పన్నెండుకు వచ్చిన పదిన్నర బస్సు. అసలు రాకపోతే దానికి ఒకటే మాట: కొద్దిసేపట్లో. ఈ విజయానికి గాను సంస్థకు రాజధానిలో ఒక జ్ఞాపిక ఇచ్చారు. అది అందుకోవడానికి మా డిపో మేనేజరు భానోజీరావు రైల్లో వెళ్లాడు.

ఈ కొద్దిసేపట్లో అన్న మాటను మైకులో చెప్పే మనిషి గేదెల వరహాలమ్మ. అద్దాల గదిలో, ప్లాస్టిక్ కుర్చీలో, పదకొండేళ్లుగా చెబుతోంది. మైకు నొక్కితే ఆవిడ నోట పుస్తకంలో భాష వచ్చేది, వదిలేస్తే మా ఊరి మాట వచ్చేది. ఈ రెండు గొంతులూ ఒకే మనిషివని చాలామందికి తెలియదు. వాళ్లాయన కూర్మయ్య జూట్ మిల్లు కార్మికుడు. మిల్లు తాత్కాలికంగా మూతపడి అప్పటికి పద్నాలుగేళ్లయింది. మోకాళ్లు పట్టేసి ఆయన వీధి అరుగు మీదే ఉండేవాడు. ఇల్లు నడిచేది మైకు మీద.

ఆషాఢంలో ఒక సోమవారం కొండవలస వెళ్లే పదిన్నర బస్సు రాలేదు. పదకొండు కాకముందే డ్రైవరు లింగరాజు వరహాలమ్మకు ఫోన్ చేశాడు. గొల్లలపాలెం వంతెన దగ్గర యాక్సిల్ విరిగిందనీ, ఈ రోజుకు బండి కదలదనీ చెప్పాడు. ఆవిడ భానోజీరావు గదికి వెళ్లి, ఏం చెప్పమంటారని అడిగింది. ఆయన గోడ మీద ఉన్న జ్ఞాపిక వైపు చూసి, చెప్పవలసిందే చెప్పమన్నాడు.

కొండవలస వెళ్లు బస్సు మరి కొద్దిసేపట్లో వచ్చునని వరహాలమ్మ పావుగంటకోసారి చెప్పింది. అలా ఏడుసార్లు చెప్పాక ఒక ముసలామె అద్దం దగ్గరకొచ్చింది. కంటి మీద ఆకుపచ్చ గుడ్డ ఉంది. ముందు రోజే పెద్దాసుపత్రిలో పొర తీయించుకుందట. మొగుడు చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాడు. ఆమె అద్దంలోని కన్నంలోకి నోరు పెట్టి అడిగింది.

"కొద్దిసేపంటే ఎంతసేపమ్మా? కంట్లో మందెయ్యాల. సీసా ఇంటికాడ మర్సిపోనాం."

వరహాలమ్మ ఎనిమిదోసారి మైకు నొక్కింది. నోరు తెరిచాక కొద్దిసేపట్లో అన్న మాట రాలేదు. కొండవలస బస్సు ఈ రోజు రాదని, యాక్సిల్ విరిగిందని, వెళ్లవలసిన వారు గేటు బయట ఆటోలు ఎక్కవచ్చని చెప్పింది. భాష మాత్రం పుస్తకంలోదే. నలభై మంది లేచి మూటలు సర్దుకున్నారు. పది నిమిషాల్లో ఆ బెంచీలు ఖాళీ అయ్యాయి. ఎవరూ సంస్థను తిట్టలేదు కూడా.

మర్నాడు ఆవిడకు మెమో వచ్చింది. అందులో ఇలా ఉంది: "సదరు ఉద్యోగిని తనకు తెలిసిన విషయమును తనకు తెలిసినది తెలిసినట్లే ప్రయాణికులకు తెలియజేసి, సంస్థ సమయపాలనకు తీవ్ర విఘాతము కలిగించినందున, అనధికార సత్యప్రకటన అను దుష్ప్రవర్తన క్రింద విధుల నుండి తొలగించడమైనది."

ఆ రోజుల్లోనే ప్రభుత్వం ఉపాధి ఊరట పథకం పెట్టింది. ఉద్యోగం పోయిన వాళ్లకు మళ్లీ దొరికేదాకా నెలనెలా భృతి ఇస్తారు. కాంప్లెక్సు వెనక వీధిలో, మేడ మీద, దానికో కార్యాలయం తెరిచారు. అర్హతా నిర్ణయాధికారిగా పులిపాక సచ్చిదానందం అనే ఆయన్ని వేశారు. మంచి మనిషి. ఎవరికైనా భృతి రాకపోతే ఆయనకు అన్నం సయించేది కాదు. కానీ నిబంధన దాటి ఒక కామా కూడా వేయలేడు.

వరహాలమ్మ వెళ్లేసరికి ఆయన ఎదుట ఒక వంటాయన కూర్చుని ఉన్నాడు. హాస్టల్లో ఆర్నెల్లపాటు పప్పులో ఉప్పు వేయడం మరిచిపోయి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. మరుపు బుద్ధిపూర్వకం కాదు గనక ఆయనకు అక్కడికక్కడే మంజూరైంది. సచ్చిదానందం లేచి నిలబడి ఆయనకు కరచాలనం చేశాడు.

తర్వాత మెమో చదివాడు. రెండోసారి చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని, నిబంధన వివరించాడు. దుష్ప్రవర్తన వల్ల ఉద్యోగం పోతే భృతి లేదు. అసమర్థత వల్ల గానీ, అజ్ఞానం వల్ల గానీ, పరధ్యానం వల్ల గానీ పోతే ఉంది. అంటే పని రాని వాళ్లను ప్రభుత్వం ఆదుకుంటుంది. పని వచ్చి చెయ్యని వాళ్లను ఆదుకోదు.

"కనుక ఒక్క ప్రశ్న అమ్మా. తమరు సదరు సత్యమును ఉద్దేశపూర్వకముగా పలికితిరా, పొరపాటున పలికితిరా?"

"తెలిసే సెప్పినాను బాబూ. డ్రైవరు ఫోన్ సేసినాడు కదా."

సచ్చిదానందం కలం మూత పెట్టేశాడు. ఆ మాట తన చెవిన పడలేదన్నాడు. చెవిన పడితే రాయాలి, రాస్తే ఫైల్లో ఉంటుంది, ఉంటే ఆవిడకు భృతి ఉండదు. వారం రోజులు గడువిస్తున్నాననీ, ఆలోచించుకుని రమ్మనీ పంపించాడు.

ఇంటికొచ్చి మొగుడితో చెప్పింది. కూర్మయ్య అరుగు మీద నుంచి కదలకుండా విన్నాడు. పదకొండేళ్లు జనానికి అబద్ధం చెప్పి జీతం తీసుకున్నదానివి, ఒక్కసారి ఆఫీసరుకు చెప్పి భృతి తెచ్చుకోలేవా అన్నాడు. ఆవిడకు ఆ మాట గుచ్చుకుంది. కానీ అందులో తప్పేం కనిపించలేదు. బియ్యం డబ్బా అడుగు కనిపిస్తోంది. పై సోమవారం మేడ మెట్లెక్కి, పొరపాటున నిజం చెప్పేశానని ఒప్పుకుంది.

సచ్చిదానందం మొహం విప్పారింది. అయితే ఒప్పుకుంటే చాలదు, రుజువు కావాలి. ఏడో నంబరు ఫారం ఇచ్చాడు. నిజం చెప్పడం ఈ దరఖాస్తుదారుకు అలవాటు కాదని గెజిటెడ్ అధికారి ఒకరు ధ్రువీకరించాలి.

వరహాలమ్మకు తెలిసిన గెజిటెడ్ అధికారి పశువుల డాక్టరొక్కడే. ఆయన ఫారం చదివి నొచ్చుకున్నాడు. ఆవిడ గేదెకు జ్వరం వచ్చినప్పుడల్లా ఎన్నాళ్ల నుంచి, ఏం మేసింది అన్నీ ఉన్నదున్నట్టు చెప్పిందనీ, అలాంటి మనిషి మీద ఇలా ఎలా రాస్తాననీ అన్నాడు. పైగా తన దగ్గరున్న రబ్బరు ముద్ర మీద సత్ప్రవర్తన అనే ఉంది. అదే గుద్ది ఇచ్చాడు. దాన్ని చూసి సచ్చిదానందం తల పట్టుకున్నాడు. సత్ప్రవర్తన గల మనిషి నిజం చెబితే అది పొరపాటు ఎలా అవుతుంది? ఆ కాగితం బయటికి తీయవద్దని ఆవిడకు రహస్యంగా చెప్పాడు.

ఇంతలో ఇంకో చిక్కొచ్చింది. వరహాలమ్మను తీసేశాక సంస్థ కొత్త మనిషిని పెట్టలేదు. అంతకుముందు ఎప్పుడో ఆవిడ చేత చదివించి రికార్డు చేసుకున్న మాటలు ఒక పెట్టెలో ఉన్నాయి. ఆ పెట్టెకు మీట నొక్కితే అన్ని ఊళ్ల బస్సులూ కొద్దిసేపట్లో వస్తాయని ఆవిడ గొంతే చెబుతుంది. కార్యాలయం కిటికీలోంచి రోజంతా వినిపిస్తుంది. దానితో సచ్చిదానందానికి సందేహం వచ్చింది. తమ గొంతు ఉద్యోగంలో ఉండగా తమరు నిరుద్యోగి ఎలా అవుతారన్నాడు. గొంతుకు జీతం ఇవ్వడం లేదని సంస్థ నుంచి లేఖ తెచ్చేసరికి శ్రావణం వెళ్లిపోయింది.

చివరికి దారి ఆయనే కనిపెట్టాడు. డిపో నుంచి ప్రకటనల రిజిస్టర్లు తెప్పించాడు. పదకొండేళ్లవి, పద్నాలుగు సంపుటాలు. రెండు రోజులు కూర్చుని ఆవిడ చెప్పిన మాటల్నీ, బస్సులు వచ్చిన వేళల్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. మూడో రోజు ఆయన గొంతులో గౌరవం ధ్వనించింది. పదకొండేళ్లలో ఈమె నిజం చెప్పిన దాఖలా ఒక్కటీ లేదన్నాడు. అంత నిష్ఠగా అసత్యం పలికిన మనిషి ఒక్కనాడు జారిందంటే అది పరధ్యానమే. విచారణ పెట్టి, సంస్థ తరఫున ఎవరినైనా పంపమని నోటీసిచ్చాడు.

భానోజీరావే వచ్చాడు. పద్నాలుగు సంపుటాలనూ బల్ల మీద చూసి, ఏం నిరూపించబోతున్నారని అడిగాడు. సచ్చిదానందం చెప్పాడు. భానోజీరావు కుర్చీలోంచి లేచాడు.

"సంస్థ ప్రకటనలు అసత్యాలని రికార్డు చేస్తారా? అవి అసత్యాలు కావు. ముందస్తు సత్యాలు. వేళ వచ్చినప్పుడు నిజమవుతాయి."

సచ్చిదానందం ఆ పదాన్ని రాసుకున్నాడు. మరి అవి సత్యాలైతే, బస్సు రాదని ఈమె చెప్పింది ఏమవుతుందని అడిగాడు. అసత్యమే అన్నాడు భానోజీరావు. మెమోలో సత్యప్రకటన అని రాశారు కదా అన్నాడు ఈయన. ఆ రోజుకు సత్యమే, బస్సు వచ్చిన క్షణాన అసత్యమవుతుందన్నాడు ఆయన.

సచ్చిదానందం మనసులో ఒక దీపం వెలిగింది. బస్సు వస్తే ఈమె చెప్పింది తప్పని తేలుతుంది. తప్పు చెప్పినవారు అజ్ఞానులు. అజ్ఞానులకు భృతి ఉంది. ఆత్రంగా, బస్సు వచ్చిందా అని అడిగాడు.

భానోజీరావు తన రిజిస్టరు తెరిచాడు. ఆషాఢం నాటి సోమవారం, కొండవలస, పదిన్నర. ఎదురుగా ఇలా రాసి ఉంది: మార్గమధ్యమున ఉన్నది, కొద్దిసేపట్లో వచ్చును. అప్పటికి రెండు నెలలైంది. శూన్య ఆలస్య సంవత్సరంలో రాలేదని రాయడానికి గడి లేదు.

"అదిగో బాబూ బస్సు, ఆ గోడవార," అంది వరహాలమ్మ కిటికీలోంచి చూపిస్తూ.

నిజమే. డిపో వెనక గోడ పక్కన, వంతెన దగ్గర నుంచి ఈడ్చుకొచ్చి పడేసిన కొండవలస బస్సు రాళ్ల మీద నిలబడి ఉంది. ముందు చక్రాలు లేవు. కిటికీ ఊచల మీద ఎవరివో తువ్వాళ్లు ఆరుతున్నాయి. సచ్చిదానందం చూశాడు. భానోజీరావు కూడా చూశాడు. కంటితో చూసినది రికార్డు కాజాలదని సచ్చిదానందం విచారంగా అన్నాడు. బస్సు వచ్చేవరకు విచారణ వాయిదా పడింది.

తర్వాత ఆర్నెల్లు ఆవిడ ప్రతి సోమవారం మేడెక్కడం, బస్సు ఇంకా రాలేదని గుమాస్తా చెప్పడం, ఆవిడ కిటికీలోంచి ఆ బస్సును చూసి దిగిపోవడం. దాని ఇంజను విప్పి వేరే బండికి పెట్టారు. సీట్ల కింద ఒక పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టింది. ఇక్కడ వరహాలమ్మ గేదెను అమ్మేసింది. పొద్దున్న రెండిళ్లలో అంట్లు తోమడానికి కుదిరింది. అది ఉద్యోగం కింద లెక్కకు రాదని సచ్చిదానందం ముందే కనుక్కుని చెప్పాడు. తోమేటప్పుడు కాంప్లెక్సు మైకు వినిపించేది. తన గొంతును తనే వినలేక ఆవిడ కుళాయి పెద్దగా తిప్పుకునేది. ఒకనాడు కూర్మయ్య, ఆ గొంతు వింటే నువ్వింకా డ్యూటీలో ఉన్నట్టే ఉందే అన్నాడు. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి పోయింది. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఊళ్లో మాత్రం ఒక కొత్త అలవాటు మొదలైంది. బస్సెక్కవలసిన వాళ్లు కాంప్లెక్సుకు పోయే ముందు ఆవిడ ఇంటికొచ్చి, ఈ రోజు ఏ బస్సు వస్తుందని అడిగేవారు. ఆవిడ డ్రైవర్లకు ఫోన్ చేసి, ఉన్నది చెప్పేది. గేటు బయట షేర్ ఆటో వాళ్లు కూడా అడిగి తెలుసుకుని, ఆ ఊరి దారిలో బళ్లు పెట్టుకునేవారు.

ఫాల్గుణంలో పైనుంచి మరో ఉత్తర్వు వచ్చింది. ఊరట కార్యాలయాలన్నీ శూన్య పెండింగు వారోత్సవాలు జరపాలి. ఉగాది నాటికి ఒక్క ఫైలు మిగిలినా అధికారి మీద చర్య. సచ్చిదానందం దగ్గర మిగిలింది ఒకటే ఫైలు. ఆయన భానోజీరావు దగ్గరికి పరుగెత్తాడు. అక్కడ భానోజీరావుకు కూడా ఒకటే బెంగ. ఏడాది ముగిసేలోగా మార్గమధ్యంలో ఏ బస్సూ ఉండకూడదు. ఇద్దరూ టీ తాగి, బస్సును రప్పించడానికి నిశ్చయించారు.

ఒక సోమవారం పొద్దున్న బస్సుకు ఎవరివో పాత చక్రాలు బిగించి, పిల్లుల్ని దింపి, కడిగి, బొట్లు పెట్టారు. ట్రాక్టరుతో గొల్లలపాలెం వంతెన దాకా ఈడ్చుకుపోయారు. అక్కడి నుంచి మళ్లీ వెనక్కి లాక్కొచ్చేలా ఏర్పాటు. లింగరాజు స్టీరింగు పట్టుకుని కూర్చోవాలి. సరిగ్గా పదిన్నరకు ఆరో నంబరు ప్లాట్‌ఫారం మీదికి చేరాలి. ఎనిమిది నెలల తర్వాతి పదిన్నర అయినా పదిన్నర పదిన్నరే.

అంతా కుదిరాక గుర్తొచ్చింది, బస్సు వచ్చినట్టు ప్రకటన కావాలి. పెట్టెలో కొద్దిసేపట్లో వచ్చును అన్న మాటే ఉంది. వచ్చినది అన్న మాట రికార్డు చేయడం ఎవరికీ తోచలేదు. అవసరం పడలేదు. సచ్చిదానందం స్వయంగా వరహాలమ్మ ఇంటికి వెళ్లాడు. చెప్పులు బయట విడిచి, అరుగు మీద కూర్మయ్య పక్కన కూర్చుని బతిమాలాడు.

"ఒక్క వాక్యమమ్మా. కొండవలస వెళ్లు బస్సు వచ్చియున్నది. అంతే. అబద్ధం కూడా కాదు, బస్సు నిజంగానే వచ్చి ఉంటుంది. తమరు ఆనాడు చెప్పింది తప్పని తేలిపోతుంది. సాయంత్రానికి మంజూరు."

వరహాలమ్మ ఆలోచించింది. అబద్ధం కాదన్న మాట ఆవిడకు నచ్చింది. సరేనంది.

పదిన్నరకు ఆవిడ అద్దాల గదిలో అదే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. భానోజీరావు రిజిస్టరు పట్టుకుని ఒక పక్క, సచ్చిదానందం ఫైలు పట్టుకుని ఒక పక్క. ట్రాక్టరు బస్సును తెచ్చి ఆరో నంబరు మీద పెట్టి, తాడు విప్పుకుని పక్కకు పోయింది. ఆవిడ మైకు నొక్కి, కొండవలస వెళ్లు బస్సు వచ్చియున్నదని చెప్పింది. సచ్చిదానందం ఫైలు మీద ఒక గీత గీసి, అర్హురాలు అని రాశాడు. భానోజీరావు ఎనిమిది నెలల నాటి గడిని పూర్తి చేశాడు. ఇద్దరూ ఒకరినొకరు అభినందించుకున్నారు.

ఏడాది కాలంలో బస్సు వచ్చింది అన్న మాట మైకులో వినడం జనానికి అదే మొదలు. ఒక్కసారిగా లేచారు. కిటికీల్లోంచి రుమాళ్లు, సంచులు, ఒకాయన గొడుగు సీట్ల మీద పడ్డాయి. రెండు నిమిషాల్లో బస్సు నిండిపోయింది. చంకలో బిడ్డతో ఒకామె మెట్టు అందక వేలాడుతూంటే వెనకవాళ్లు తోస్తున్నారు. ఒక ముసలాయన కండక్టరేడని అడుగుతున్నాడు. లింగరాజు స్టీరింగు మీద తల పెట్టేసుకున్నాడు.

వరహాలమ్మ ఇదంతా అద్దంలోంచి చూసింది. వేలు ఇంకా మైకు మీటపైనే ఉంది. సచ్చిదానందం మెల్లగా, చాలమ్మా, ఇక లేవండి అన్నాడు. ఆవిడ లేవలేదు.

"ఒలమ్మా, దిగిపోండి," అంది మైకులో. ఆ గొంతు కాంప్లెక్సులో అంతకుముందు ఎవరూ వినలేదు. "బస్సొచ్చింది గానీ ఎల్లదు. దానికింజన్నేదు. బిడ్డతల్లీ, బేగి దిగు, పడిపోతావు. బయట అప్పన్న ఆటో ఉంది, అది కొండవలసే ఎల్తాది."

ముందు ట్రాక్టరాయన నవ్వాడు. ఆ నవ్వు బెంచీ నుంచి బెంచీకి పాకింది. జనం నవ్వుకుంటూనే దిగారు. గొడుగాయన గొడుగు కోసం మళ్లీ ఎక్కవలసి వచ్చింది. భానోజీరావు రిజిస్టరులో అప్పుడే రాసిన గడి వైపు చూస్తూ నిలబడిపోయాడు.

సచ్చిదానందానికి కోపం రాలేదు. ఆయన నిజంగా బాధపడ్డాడు. మొదటి వాక్యంతో తమకు అర్హత వచ్చింది, రెండో వాక్యంలో మళ్లీ తెలిసే నిజం చెప్పారు గనక పోయింది, మధ్యలో రెండు నిమిషాలు తమరు అర్హులు, దీన్ని ఏ గడిలో రాయను అన్నాడు. ఏ గడీ దొరక్క ఫైలును పై కార్యాలయానికి పంపించాడు. అక్కడికి చేరడంతో ఇక్కడ పెండింగు శూన్యమైంది. వారోత్సవాల్లో ఆయనకు శాలువా కప్పారు.

వరహాలమ్మ మళ్లీ మేడెక్కలేదు. మర్నాడు పొద్దున్నే ఆటో యూనియన్ వాళ్లు ఇంటికొచ్చారు. గేటు బయట వేపచెట్టు కింద ఒక బల్ల, పైన ఒక స్పీకరు, చేతిలో ఒక చిన్న మైకు పెట్టారు. ఏ ఊరికి ఏ బండి, ఎప్పుడు కదులుతుందో చెప్పడమే పని. పుస్తకంలో భాష వద్దన్నారు. ఆ జీతం కాంప్లెక్సు జీతానికి తక్కువే. కూర్మయ్య కర్ర పట్టుకుని రోజూ మధ్యాహ్నం ఆవిడకు అన్నం తెచ్చేవాడు. పద్నాలుగేళ్లలో ఆయన అంత దూరం నడవడం అదే మొదలు.

వైశాఖంలో ఒక సాయంత్రం సచ్చిదానందం చేతిలో సంచీతో, పై కార్యాలయం నుంచి వచ్చిన కవరుతో ఆ బల్ల దగ్గరికొచ్చాడు. ఆయనకు కొండవలస బదిలీ అయింది. వెళ్లేముందు ఆ కవరు తనే ఇవ్వాలనిపించిందట. విప్పి చదివి వినిపించాడు. దరఖాస్తుదారు ప్రస్తుతము ఉపాధి పొందియున్నట్లు తెలియవచ్చినందున, ఇదివరకు ఆమెకు ఉన్న అర్హతను ఇందుమూలముగా రద్దు చేయడమైనదని అందులో ఉంది.

చదివాక ఆయనే ఉలిక్కిపడ్డాడు. ఉన్నదాన్నే కదా రద్దు చేస్తారు అన్నాడు. అంటే తమకు అర్హత ఉన్నట్టే లెక్క. నిన్నటిదాకా ఉంది. ఆ రోజులకు భృతి కోరుతూ ఒక ప్రత్యేక దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఏడో నంబరు ఫారంతో సహా. తను వెళ్లిపోతున్నా, కొత్తగా వచ్చే అధికారికి చెప్పి పెడతానన్నాడు. ఆయన కళ్లు మెరుస్తున్నాయి.

వరహాలమ్మ కాగితం అందుకుంది. బల్లకు ఒక కాలు పొట్టి, స్పీకరు ఊగుతోంది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆ కాలి కింద తోసి, బల్లను ఒకసారి కదిపి చూసింది. ఊగలేదు.

"కొండవలసకి ఏడుగురు నిండినారు బాబూ. మీరెక్కితే కదిలిపోద్ది," అంది.

సచ్చిదానందం సంచీ ఒళ్లో పెట్టుకుని డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. ఆటో కదిలింది.